నాన్న నాలుక చూసిన సబ్బు

చిట్టితల్లికి నాన్న దీవెనలు. అల్లుడుగారికీ, పాపకీ కూడా. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఉత్తరం ఇక్కడ ఆపి, ముందు వెళ్ళి నేను పంపిన సబ్బులన్నీ తీసి అవతల పారెయ్. పాపకి ఒట్టి నీళ్ళే పొయ్యి. దాని గుడ్డలు నాలుగు నీళ్ళలో జాడించు. అయ్యాక వచ్చి మిగతాది చదువు. పోస్టులో వేస్తే మూడు రోజులు పడుతుందని మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

చేశావా? నా తల్లివి కదూ.

మామగారి సబ్బుకి నురగెందుకు రాదని అల్లుడుగారు అడిగారన్నావు. మురికి పోవడానికి నురగతో పనిలేదని చెప్పు. సబ్బు ఒక చేత్తో జిడ్డునీ, ఇంకో చేత్తో నీటినీ పట్టుకుంటుంది. నీళ్ళు పోస్తే జిడ్డు దాని వెంటే పోతుంది. అయినా జనం నురగ చూసి, వాసన చూసి కొంటారు. మన దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రం నా నాలుక చూసి కొన్నారు. నూనెలో కలిపిన కాస్టిక్ సోడా ఏ కాస్త మిగిలినా, ముక్క ఆనగానే నాలుక చురుక్కుమంటుంది. మా తాత నాటి నుంచీ అదే పరీక్ష. ప్రతి వాయికీ గుమ్మంలో నిలబడి, అందరి ముందూ నాలుక ఆనించి నేను "ఊఁ" అంటేనే సరుకు గడప దాటేది.

పాప ఒళ్ళెందుకు కందిపోతోందని అడిగావు. డాక్టరు సబ్బు మార్చమంటే, "మా నాన్న నాలుకతో చూసిన సబ్బండీ, దానికి వంకేమిటి?" అని పోట్లాడి వచ్చానని రాశావు. ఎరుపు తగ్గాలని రోజుకి రెండుసార్లు దాంతోనే రుద్దుతున్నానన్నావు.

తల్లీ, ఆమధ్య వచ్చిన జ్వరానికి నా నాలుక చచ్చిపోయింది. ఉప్పూ తెలియదు, పులుపూ తెలియదు, మిరపకాయ మంటా తెలియదు. మూడు నెలలుగా కూరకి వంక పెట్టడం లేదని మీ అమ్మ ఒకటే మురిసిపోయింది. ఇవాళో రేపో రుచి తిరిగొస్తుందిలే అనుకున్నాను. చెబితే మన సబ్బు ఎవరూ ముట్టుకోరని భయపడ్డాను. ఏమీ తెలియకుండానే గుమ్మంలో నిలబడి "ఊఁ" అంటూ వచ్చాను. పొద్దున నీ ఉత్తరం చదివి, నీకు పంపిన వాయిలో మిగిలిన ముక్కని మీ అమ్మ చేతికిచ్చి నాలుకకి ఆనించమన్నాను. కెవ్వుమంది. నోరు కడుక్కుని వచ్చి, "ఇన్నాళ్ళూ మీకేమీ తెలియడం లేదా?" అంది.

బట్టీ ఆర్పేశాను. ఈ ఉత్తరం ఇచ్చేసి, అటునుంచటే ఆ సబ్బు కొన్న ఇళ్ళన్నీ తిరుగుతాను. చీవాట్లు పెడితే పడతాను. నువ్వు పాపని తీసుకుని మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళు. తప్పు మా నాన్నదని చెప్పు, దాచకు. నన్ను తర్వాత తిడుదువుగాని.

చిన్నప్పుడు నా పక్కన నిలబడి, నువ్వూ ముక్క ఆనించి "ఊఁ" అనేదానివి. ఆ పరీక్ష నీకూ తెలుసు. నేను చూశాను కదా అని నువ్వు చూడలేదు.

ఇట్లు,
పాప ఒంటి ఎరుపు తగ్గిందన్న కబురు కోసం, తిరిగొచ్చి గుమ్మంలోనే కూర్చునే
మీ నాన్న