క్లచ్ బరువు

మార్చి 3, సోమవారం

తన ఎడమ చెయ్యి ఇక దేనికీ పనికిరాదని నిన్న భోజనాల దగ్గర మనవరాలు అంది. తప్పు. ఆ చేత్తోనే నా పక్కనున్న రిమోట్ లాక్కుపోయింది. పనికిరానిది దాని బైక్ క్లచ్.

రెండేళ్ల క్రితం పిల్ల మెట్ల మీంచి పడితే భుజం నరం దెబ్బతింది. అప్పట్నుంచీ ఆ పిడికిట్లో పట్టు తక్కువ, బైక్ టార్పాలిన్ కింద. ఆదివారం కొనేవాణ్ణి తీసుకొస్తానన్నాడు నా కొడుకు. పిల్ల ఏమీ అనలేదు. నాకు భయమేసింది అందుకే. నోరున్న పిల్ల, నా పోలిక.

మార్చి 4

బండిని వీధి చివరి మెకానిక్ షెడ్డుకి తోయించాను. వాడు ఒకప్పుడు నా స్టూడెంటు. ఫిజిక్సులో నలభై దాటిన పాపాన పోలేదు. క్లచ్ నొక్కి చూసి, వెన్నలా ఉంది కదా టీచర్ గారూ అన్నాడు. వాడి అరచెయ్యి చెప్పు అట్టలా ఉంది. వాడికి వెన్నే మరి.

స్కూల్ ల్యాబులో స్ప్రింగ్ త్రాసు అడిగి తెచ్చాను. లీవర్ లాగడానికి ఆరు కిలోలు కావాలి. సాయంత్రం పిల్ల చేత త్రాసు లాగించాను: మూడు. నేనూ లాగాను: మూడే! నా కీళ్లనొప్పులు ఇన్నాళ్లకి ఒక పనికొచ్చాయి. దానికి ఆఫీసుంది. కాబట్టి పగలు షెడ్డులో దాని చెయ్యి నేను.

మార్చి 6, మధ్యాహ్నం మూడు

అవమానం.

ఇంజిన్ దగ్గర కేబుల్ లాగే చిన్న కడ్డీని రెట్టింపు పొడవు చేయించాను. ఎనిమిదో క్లాసు పాఠం. క్లచ్ పువ్వులా వచ్చింది. నేనే సీటెక్కాను. గట్టిగా నొక్కి పట్టుకోండి, గేరేస్తున్నా అన్నాడు మెకానిక్. వేశాడు. బండి గెంతింది, నేను గెంతాను, నీళ్ల బక్కెట్ పల్టీ కొట్టింది, ఇంజిన్ ఆగింది. బలం సగమైతే లాగాల్సిన దూరం రెట్టింపు. క్లచ్ పూర్తిగా విడలేదు.

వాడు బక్కెట్ ఎత్తుతూ, ఊరికే ఏదీ రాదని మీరే చెప్పేవారు కదండీ అన్నాడు. నలభై మార్కులవాడు! ఆ పేపరు మళ్లీ దిద్దాలేమో.

మార్చి 7

కడ్డీ కొంత కోయించాం. క్లచ్ విడుతోంది, కానీ నాలుగున్నర కిలోలు. ఎల్లుండే ఆదివారం.

మార్చి 8, ఉదయం ఐదు

తట్టింది! ముప్పై ఏళ్లు ప్రతి లెక్క ముందూ ‘ఘర్షణ లేదనుకోండి’ అని రాయించాను. అలవాటు కొద్దీ ఇక్కడా లేదనుకున్నాను. ఆ కేబుల్ రెండేళ్ల తుప్పుతో, హ్యాండిల్ కింద మోకాలిలా మడతపడి ఉంది.

ఆరింటికే వాడి తలుపు బాదాను. నోట్లో నురగతోనే విని, బ్రష్షుతోనే నుదురు కొట్టుకున్నాడు.

కొత్త కేబుల్. ఆయిల్. మెత్తటి వంపు. రెండుముప్పావు కిలోలు! క్లచ్ నొక్కి గేరేస్తే బండి ఈసారి గెంతలేదు. ఇరవైసార్లు నొక్కాను. ఆపండి తల్లీ, అరిగిపోతుంది అన్నాడు.

మార్చి 9, ఆదివారం

కొనేవాడు పదింటికొచ్చాడు. బండి లేదు.

పిల్ల తొమ్మిదిన్నరకే ఎక్కింది. గేటు దగ్గర ఒకసారి ఇంజిన్ ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వీధి మలుపులో ఉంది. మూడు రౌండ్లు కొట్టింది. నాలుగోసారి వెనక్కి రాలేదు. కొడుకు వాచీ చూస్తాడు, నన్ను చూస్తాడు. కొనేవాడు టీ తాగి వెళ్లిపోయాడు.

పదిన్నరకి వచ్చింది, పళ్లన్నీ బయటపెట్టుకుని. ట్యాంకు నింపించుకొచ్చానంది. ఎడమ చేత్తో తండ్రి బుగ్గ గిల్లింది. చచ్చేంత నొప్పెట్టిందన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. మూడు కిలోలే. నాకు తెలీదూ?

తర్వాత టార్పాలిన్ దులిపి తన కారుకి కప్పుకున్నాడు.

మార్చి 10

త్రాసు స్కూల్లో తిరిగివ్వాలి. పిల్ల దింపుతానంది. ముందు హెల్మెట్ షాపు దగ్గర ఆగాలి. నా కొప్పు పట్టే సైజు. ఎరుపు.