బటన్ల డబ్బా ఖాళీ చేసి ఉంచు

గెంట్, మంగళవారం

అమ్మకు,

మేమిద్దరం బాగున్నాం. సైకిల్ పందేల్లో నిషేధించిన మందు వాడి మా ఆయన లూడో పట్టుబడిన కథను సినిమాగా తీస్తున్నారు. నిన్న దర్శకురాలు ఇంటికొచ్చి, "భార్యకేమీ తెలియదని రాశామండీ," అంది.

"అలాగే ఉండనీయండి. తిట్లు తినడం నాకు అలవాటే," అన్నాడు లూడో.

"నాకు తెలుసు. ఆ సూదిమందు ఫ్రిజ్‌లో వెన్న వెనక దాచింది నేనే," అన్నాను.

"పదిహేనేళ్లు నోరు మెదపకుండా ఉండి, ఇప్పుడా తల్లీ!" అన్నాడు.

ఇప్పుడు నువ్వు బటన్లు వేసుకునే నీలం డబ్బాలోనే ఆ మందు పెట్టి ఫ్రిజ్‌లో దాచేదాన్ని. విటమిన్లని నీతో అబద్ధమాడాను. షూటింగుకు ఆ డబ్బా కావాలట. ఖాళీ చేసి ఉంచు, ఆదివారం వచ్చి తీసుకెళ్తాం. మోకాలి నొప్పి తగ్గిందా? కోపమొచ్చినా సరే, మా ఇద్దరికీ వండు. పోస్టుమన్ కూడా చదవాలనే కవరులో పెట్టకుండా కార్డు మీద రాశాను.

ముద్దులతో,
హిల్డా