ముడి మన ఇంటిదే

చిరంజీవి తమ్ముడు కైలాసానికి అన్న అంతయ్య దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ వదిన బాలవ్వ బాగున్నాము. అక్కడ భీవండిలో నువ్వు కూడా బాగున్నావని అనుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు. అరవై ఏళ్ళ వయసులో పన్నెండు గంటలు సాంచ ముందు, ఆ మరమగ్గం ముందు నిలబడేవాడు ఏం బాగుంటాడు? అయినా ఉత్తరంలో మొదట రాయవలసిన మాట కాబట్టి రాశాను.

నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. ఇన్నాళ్ళూ నేను చెబుతుంటే నీ బిడ్డ హర్షిణి వచ్చినప్పుడు రాసేది. ఇది మాత్రం ఎవరితోనూ రాయించలేదు. నాలుగు రోజుల నుంచి నేనే కూర్చుని రాస్తున్నాను. అక్షరం తప్పిన చోట సర్దుకుని చదువు. మధ్యలో కోపం వచ్చి చింపకు. చివరిదాకా చదివి చింపు.

మీ వదిన మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నాయని అడిగావు. అట్లనే ఉన్నాయి. డాక్టర్ నడవొద్దన్నాడు. నడవకపోతే ఇల్లు ఎట్లా నడుస్తుందని ఆమె అంటుంది. హర్షిణి మొన్న హుస్నాబాద్ నుంచి వచ్చి పోయింది. ఎప్పుడూ లోపలికి వచ్చి వంటింట్లో దూరే పిల్ల, ఈసారి గడపలోనే నిలబడింది. "బాపుకు దగ్గు తగ్గుతలేదట పెద్దబాపు. నీకు చెప్పుమన్నడు గని, నీకు చెప్తే ఏమైతది?" అంది. వాళ్ళ అమ్మ పోయాక నీకు మిగిలింది ఆ పిల్ల, మనం గాలం వేసే ఆ మడుగు. పిల్లను అత్తగారింటికి పంపించావు. మడుగును నీకు లేకుండా చేశారు. చేశారు అని రాశాను చూడు. అదే రోగం నాకు.

మడుగులో కొర్రమట్టల ఎర్రపిల్లలు తేలాయా అని అడిగావు. తేలాయి. పోయిన బుధవారం చెక్‌డ్యాం పైన, తుంగ గుబురు పక్కన మొదటి గుంపు కనిపించింది. ఎర్ర నూలుకండె విప్పి నీళ్ళలో పడేసినట్టు ఉంది. కింద తల్లి కొర్రమట్ట, దాని వెనక తండ్రి. ఊపిరికి ఒకటి పైకి వస్తే రెండోది కాపలా. అవే నీళ్ళు, అదే తుంగ. పోయిన ఏడు నువ్వు కట్టె పాతి ఎర్రగుడ్డ కట్టిన చోటుకు పది అడుగుల అవతల. ఈసారి గుడ్డ నేను కట్టాను. మన పాత చీర అంచు ముక్కే.

నీకు తెలియనివి కావు, కానీ వరుసగా రాస్తేనే నాకు చెప్పడం వస్తుంది. ఐదేళ్ళ కింద ఆ మడుగులో ఏముంది? బోరు మోటారు వైర్లు నీళ్ళలో వేసి కరెంటు పెట్టిన వెధవలు గుడ్డు దగ్గరి నుంచి గంపెడు వాలుగ చేప దాకా చంపి పోయారు. తెల్లటి పొట్టలు తేలితే కుక్కలు కూడా ముట్టలేదు. అప్పుడు నువ్వు, నేను, చేపల సంఘం లింగమూర్తి ఒడ్డున కూర్చున్నాము. లింగమూర్తికి మన గాలపోళ్ళంటే పడదు. "మేము వల కట్టి బతుకుతం, మీరు సరదాకు గుంజుకపోతరు" అని మొహం మీదే అన్నాడు. నువ్వే సర్ది చెప్పావు. "సరదాకు గుంజెటోనికే కావలి కూసునే తీరిక ఉంటదే లింగన్నా. పొద్దంత మేమే చూస్తం, మడుగుల మాత్రం వల ఎయ్యకుండ్రి" అన్నావు. ఆ మాట మీదే కదా వాళ్ళు వల ఎత్తారు.

కట్టడి పెట్టింది నేను. మొదటి వరద నుంచి రెండు నెలలు గాలం లేదు. ఆ తర్వాత మనిషికి రెండు చేపలు, జానెడు లేనిది మళ్ళీ నీళ్ళలోకే. కొర్రమట్టలు ఆలస్యంగా ఈనినా, ఎర్రపిల్లలు తేలిన చోట ఎర్రగుడ్డ, ఇరవై అడుగుల దూరం. పిల్లల మీద గాలం వేసిన వాడి గాలం కట్టె అందరి ముందు విరిచి, ఏడాది పాటు మడుగు ఒడ్డుకు రానియ్యొద్దు. చొప్పదండి నుంచి, కరీంనగర్ నుంచి ఆదివారం వచ్చే వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. పిల్లలకు కాపలా ఉన్న కొర్రమట్ట ఆకలితో గాలం పట్టదని, కోపంతో పడుతుందని, దాన్ని అట్లా పట్టేవాడు వేటగాడు కాదు దొంగ అని గొంతు చించుకుని చెప్పింది నేనే. మూడేళ్ళలో మడుగు నిండింది. వరదకు పొర్లిన చేపతో కింద చెరువులో లింగమూర్తి వాళ్ళ వలలు కూడా నిండాయి. ఊరంతా నన్ను పెద్దమనిషి అంది. ఆ మాట నా తలకెక్కింది.

ఇక నువ్వు ఉత్తరం చివర రాసిన దానికి వస్తున్నాను. ఏడాది నిండింది కదా, అందరి ముందు తప్పు ఒప్పుకుని చేతులు జోడిస్తాను, ఆదివారం ఒక్కపూట మడుగు ఒడ్డున కూర్చోనిస్తారా అని అడిగావు. ఇక్కడ గాలం వేయడానికి మురికికాలువ తప్ప నీళ్ళు లేవని రాశావు. అది చదివి ఆ కాగితం నేల మీద కొట్టాను. ఏ తప్పు ఒప్పుకుంటావురా? ఎవరి తప్పు?

పోయిన ఏడు శ్రావణంలో ఒక ఆదివారం. నువ్వు సంతకు పోయావు. కరీంనగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఓంప్రకాశ్ చక్రం ఉన్న కొత్త గాలం తెచ్చాడు. ఆ రోజు వాడికి రెండు రవ్వు చేపలు పడ్డాయి. నాకు ఏమీ పడలేదు. నేను వాడి చేపలను జానతో కొలుస్తుంటే నవ్వాడు.

"తాతా, కొలుసుడు మంచిగనే కొలుస్తవ్. నీ గాలానికి చేప పడంగ ఈ రెండేండ్లల్ల ఎవలన్న చూసిండ్రా?"

అందరూ నవ్వారు. లింగమూర్తి కూడా నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. వాడు అన్నది నిజం. కళ్ళు మసక వచ్చి బెండు మునిగేది నాకు కనిపించదు. కనిపించేసరికి ఎర ఉండదు. ఆ సంగతి నీకు కూడా చెప్పలేదు.

మరునాడు మధ్యాహ్నం అన్నం తిని, ఎవరూ లేని పొద్దు చూసి, కట్టె పట్టుకుని పోయాను. కప్పపిల్లను గుచ్చాను. నువ్వు కట్టిన ఎర్రగుడ్డ పక్కనే నిలబడి ఆ ఎర్రపిల్లల నడుమ వేశాను. రెండోసారి వేయవలసిన పని పడలేదు. తల్లి లేచి కొట్టింది. కట్టె వంగింది. ఆ ఒక్క ఘడియ నాకు ఇరవై ఏళ్ళు తగ్గాయి తమ్ముడూ, అబద్ధం ఎందుకు చెప్పాలి. తరువాత అది వేర్ల కిందికి పోయింది, దారం తెగింది. నాచులో మోకాలిదాకా దిగి వెతికాను. దొరకలేదు. నేను చూస్తుండగానే ఎర్రగుంపు విడిపోయింది. జెల్ల చేపలు వచ్చి పిల్లల మీద పడ్డాయి.

మూడో రోజు ఆ కొర్రమట్ట పొట్ట పైకి వచ్చి తేలింది. లింగమూర్తి గొంతు కోసి గాలం తీశాడు. గాలంతో పాటు జానెడు దారం, దారానికి నడుమ అతుకు. తెగిన తంగూస్ నైలాన్ దారానికి అందరూ గుబ్బ ముడి వేస్తారు. మనం మగ్గం మీద తెగిన పోగు అతికినట్టు సన్నముడి వేస్తాము, బాపు నేర్పినట్టు. "ఇది సాలోల్ల ముడి" అన్నాడు లింగమూర్తి. మన ఊళ్ళో గాలం వేసే సాలోళ్ళు, నేతపని వాళ్ళు, మనం ఇద్దరమే. కట్టడి పెట్టినవాడు తప్పడని అందరికీ నమ్మకం. అందరి కళ్ళూ నీ మీద పడ్డాయి. నా కళ్ళు నేల మీద ఉన్నాయి.

లింగమూర్తి ఆ ముడిని నీ చేతిలో పెట్టి, "కైలాసం, నీదేనా?" అని అడిగాడు. నువ్వు దాన్ని వెలుతురుకు పట్టి చూశావు. సాంచ నా కుడిచేతి చూపుడువేలి కొస కొరికి తీసుకుపోయిన నాటి నుంచి నేను ఎడమచేత్తో ముడి వేస్తాను. నా ముడి కొస ఎడమకు తిరుగుతుంది, నీది కుడికి. ముప్పై ఏళ్ళు పక్కపక్క సాంచల మీద చేశాము, నీకు తెలియదా? చూశావు. ఒక్కసారి నా మొహం చూశావు. "ముడి మా ఇంటిదే" అన్నావు. అంతే.

నాకు తెలిసిందని నీకు తెలుసు. నీకు తెలిసిందని నాకు తెలుసు. అయినా నీ వెదురు కట్టెను నా చేతులతోనే మోకాలి మీద పెట్టి విరిచాను. పచ్చి వెదురు కాదు, పొగలో పెట్టి నువ్వు మూడేళ్ళు ఆరబెట్టినది. ఒక్క దెబ్బకు విరగలేదు. రెండు దెబ్బలు వేశాను. మరుసటి నెల నువ్వు భీవండి రైలెక్కావు. బస్సు దాకా కూడా నేను రాలేదు.

నీ ఉత్తరం వచ్చాక, పోయిన ఆదివారం అందరినీ ఒడ్డుకు పిలిచి నిలబడి చెప్పాను. గాలం వేసింది నేను, తమ్ముడు కాదు అని. ఏమనుకున్నావు? రాళ్ళు వేస్తారనుకున్నాను. లింగమూర్తి కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నంటే గిట్లుండాలె. తమ్ముని తప్పు తన నెత్తిన ఏసుకుంటుండు" అన్నాడు.

"గది కాదురా పిచ్చోడా, నేనే ఏసిన!" అని అరిచాను.

"ఫికర్ చెయ్యకు తాతా," అన్నాడు ఓంప్రకాశ్, "నీ తమ్మున్ని రానిస్తం తియ్యి. నీ మొహం చూసి మాఫ్."

లింగమూర్తి డబ్బాలో దాచిన ఆ గాలం తెప్పించి ముడి చూపించాను. కొస ఎడమకు ఉంది చూడండిరా అన్నాను. తలా ఒకసారి చూసి "ముడి ముడే గదా" అన్నారు. అక్కడే కొత్తగా ఒక ముడి వేసి చూపబోయాను. కోపంతో కొస గట్టిగా గుంజితే దారం జారింది. ఒకరు నీళ్ళు ఇచ్చారు. ఒకరు గొడుగు పట్టారు. నా మీద శాలువా కప్పారు, కైలాసం. ఆ మడుగు ఒడ్డున నాకు శాలువా. పైగా ఒడ్డున ఒక బోర్డు పాతుతారట. కట్టడులన్నీ రాసి, పైన నా పేరు. వచ్చే పున్నమికి ముహూర్తం.

ఇంటికి వచ్చి మీ వదినకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

"నాకెరుకే. గా దినం నీ ధోతికి మోకాల్ల దాక నాచుండె. పిండింది నేనే గద."

"మరి అడగలేదేం?"

"అడిగితే అబద్ధం చెప్తవని."

ఏడాది నుంచి ఆ మనిషి నాకు అన్నం పెడుతోంది. నీ తరఫున ఆమె నోరు విప్పనిది నా పరువు కోసం. నువ్వు నోరు విప్పనిదీ దానికోసమే. ఇంత మంది కలిసి కాపాడితే నా పరువు ఎట్లా తయారైందో వచ్చి చూడు. వాసన వస్తోంది.

నేను పుట్టి ఇప్పటిదాకా నిన్ను ఏదీ అడుక్కోలేదు. ఇప్పుడూ అడుక్కోను. అన్నగా చెబుతున్నాను, విను. మాఫ్ చేశారని తెలిసి తలవంచుకుని వచ్చేవు, ఆ పని చేయకు. బోర్డు పాతక ముందే రా. అందరి ముందు ఆ ముడిని చేతిలోకి తీసుకో. పోయిన ఏడు సగంలో ఆపిన మాట పూర్తి చెయ్యి. ముడి మా ఇంటిదే, మా అన్నది. నేను చెబితే ఎవరూ నమ్మరు. నువ్వు చెబితే నమ్ముతారు, ఎందుకంటే నువ్వు ఇంతవరకు అక్కడ ఒక్క అబద్ధం ఆడలేదు.

నా కట్టె చూరులో ఉంది. దాన్ని నువ్వే విరువు. నాది పాత వెదురు, ఒక్క దెబ్బకు విరుగుతుంది. ఆ తరువాత ఏడాదంతా ఎర్రగుడ్డ కట్టే పని నీది. నేను ఇంట్లో కూర్చుంటాను.

దగ్గుకు మందు తెచ్చుకో. రైలులో కిటికీ పక్కన కూర్చోకు.

ఇట్లు,
నీ కట్టె విరిచిన అన్న,
అంతయ్య