బుసాన్‌కు నువ్వు రాసిన జవాబు

లీడ్స్,
శనివారం

అన్నయ్యకు,

అమ్మ, వదిన, చంటిది కులాసా అని తలుస్తాను. నీ కులాసా అడగడానికి చెయ్యి రావడం లేదు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ వారంగా ముసురు. ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో వంతుల ప్రకారం వారానికి మూడు పూటలు పని. చప్పిడి తిండికీ అలవాటు పడ్డాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు అయిపోవచ్చింది.

పోయిన నెల బుసాన్ ప్రొఫెసరుగారితో వీడియోలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అయింది. అవును, కొరియాలో అదే యూనివర్సిటీ. రెండేళ్ల కిందట "రిజెక్ట్ చేశారే" అని నువ్వు చెప్పిన చోటే. ఆయన నన్ను చూడగానే, పెళ్లయ్యాక ఎలా ఉన్నారని అడిగారు. ఏ పెళ్లండీ అంటే నా పాత మెయిల్ చూపించారు. స్కాలర్‌షిప్పుకు కృతజ్ఞతలు, పెళ్లి కుదిరింది, రాలేను. కింద నా పేరు!

నీ నెట్ సెంటర్లో నువ్వు తెరిచిన ఐడీ. పాస్‌వర్డూ నీ దగ్గరే. నాన్న పోయాక ఇంటికి పెద్దవని నమ్మాను, నాదే బుద్ధి తక్కువ. నా పెళ్లి చేసి నన్నే పిలవలేదేం అన్నయ్యా?

ఆ రోజు ఏడుస్తుంటే మిరపకాయ బజ్జీలు తెచ్చి, "ఊరుకోవే, వాళ్ళకే అదృష్టం లేదు" అన్నావు. తిన్నాను కూడా. సిగ్గుండాలి నీకు! స్టాన్‌మోర్‌లో వదిన పిన్నిగారు కనిపెట్టుకుని ఉంటారని ఇక్కడికి తోశావు. స్టాన్‌మోర్ లీడ్స్‌కి బస్సులో అయిదు గంటల దూరం. ఆ ఆంటీని రెండుసార్లు చూశాను. రెండుసార్లూ "అబ్బాయెవరైనా ఉన్నాడా?" అనే అడిగారు.

బుసాన్ వాళ్ళు మళ్ళీ సీటిచ్చారు. నా డిగ్రీ ఒరిజినల్స్ మీద హైదరాబాదులో ప్రభుత్వ ముద్ర వేయించి ఈ నెలాఖరులోగా పంపాలి. అవి నీ బీరువాలో ఉన్నాయి. ఫోన్లో అడిగితే "చూద్దాంలే, తొందరేముంది" అన్నావు. నీ చూద్దాంలే సంగతి నాకు తెలియదూ!

అందుకే నిన్ను అడగడం మానేసి అమ్మకు అంతా చెప్పాను. మొన్న గురువారం పెళ్లికని అమ్మ రైలెక్కి హైదరాబాదు వెళ్ళింది కదా, అక్కడ పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. సంచిలో చీర కింద నా సర్టిఫికెట్లున్నాయి. ముద్ర పడింది, కొరియాకు పోస్టు కూడా అయింది.

వదినకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. అమ్మను ఒక్క మాట అన్నావో, చూసుకో. ఆమె నాతో అన్నది నీకూ తెలియాలి: "నాకు టీచర్ ట్రైనింగులో సీటొచ్చిందని కార్డొస్తే మా అన్న పొయ్యిలో పెట్టాడే. అప్పుడు నాకోసం ఎవరూ రైలెక్కలేదు. నువ్వు ఏడవమాక, పో."

ఇంకా నీ చెల్లెల్నే,
లావణ్య