గూటి మీద వెలుతురు

టీచరుగారికి,

ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నువ్వు లెక్కపెడుతున్న సముద్రపు పిట్టలూ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. ఈయన రాత ఏమిటి ఇవాళ ఇంత వంకరగా ఉందని అప్పుడే అనుమానపడి ఉంటావు. పడితే పడు గాని చదవడం మాత్రం ఆపకు.

కవరు మీద ఎర్ర సిరాతో "పడవ కదలక ముందే చదవాలి" అని రాసింది సరదాకి కాదు. గురువారం పడవ మీ దీవి దగ్గర గంటసేపే ఆగుతుందని నువ్వే రాశావు. నా ఉత్తరాలు దాచుకుని, భోజనమయ్యాక తీరిగ్గా చదువుకుంటానని కూడా రాశావు. ఈ ఒక్కదాన్ని దాచకు. గట్టు మీద, నిలబడ్డ చోటే చదువు.

ముందు నీ ప్రశ్నలు. అత్తయ్య మోకాలు ఎలా ఉందని అడిగావు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. "ఎక్కొద్దంటే మేడ మీద ఆరేసిన బట్టలు ఆయనొచ్చి తెస్తాడా?" అని రోజుకి రెండుసార్లు ఎక్కుతోంది. నీకు చెప్పమన్న మాట ఇది: "దాన్ని ఆ సముద్రపు గాలికి తడి జుట్టుతో తిరగొద్దను." నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కనాడైనా ఇంత ప్రేమగా మాట్లాడిందా అని అడిగాను. చేతిలో ఉన్న గరిట చూపించింది.

వంటింటి కుళాయి కారడం ఆగింది. నేను బాగుచేయలేదు, దానంతటదే ఆగింది. స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోల రద్దీ ఎక్కువగా ఉంది. పొద్దుటి నుంచీ వచ్చినవాళ్ళకల్లా గడ్డం పైకెత్తమనీ, భుజాలు దించమనీ చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చాక అమ్మకి కూడా చెబుతున్నాను.

కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేస్తే ఎందుకు లేచానో తెలియడం లేదు. ఈ ఉత్తరం కూడా మూడు చోట్ల కూర్చుని రాస్తున్నాను. స్టూడియో కౌంటరు దగ్గర మొదలుపెట్టాను, వంటింటి బల్ల మీద కొంత రాశాను, ఇప్పుడు మేడమెట్ల మీద ఉన్నాను. "కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంట్రా?" అని అమ్మ అడిగింది. ఏం లేదన్నాను. ఏమీ లేకపోతే ఇన్నిసార్లు ఏం లేదని ఎందుకంటున్నావంది.

పిట్టల్ని చూసే మన ఆదివారం నడక ఎలా సాగుతోందని అడిగావు. ఒక్క వారం కూడా ఆగలేదు. నువ్వు అప్పజెప్పినట్టే పెద్ద నర్సమ్మ ముందు నడుస్తోంది. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రి వార్డులు చూసిన మనిషి కదా, ఆవిడ వెనక నడుస్తుంటే మాట్లాడాలన్నా భయమే. మన గద్దల గుమస్తా మాత్రం మారలేదు. కనబడ్డ ప్రతి కాకినీ గద్ద అంటాడు. నర్సమ్మ "కాకండీ" అనగానే "దూరం నుంచి గద్దలాగే ఉంది లెండి" అంటాడు. వాగు పక్క చెట్లన్నీ ఒక్క వారంలో చిగురేశాయి. లకుముకి పిట్టల జంట పాత పైపు మీద కూర్చుని చేపల కోసం కాచుకుంటోంది. వడ్రంగిపిట్ట ఒకటి ఇనప స్తంభాన్ని టకటకా పొడిచి, చెక్క కాదని తెలుసుకుని ఎగిరిపోయి, మళ్ళీ మర్నాడు వచ్చి అదే స్తంభాన్ని పొడుస్తోంది. దాన్ని చూస్తే నాకు నన్ను చూసినట్టే ఉంటుంది.

పద్దెనిమిదేళ్ళు నువ్వు పిలిచిన నడకకి నేను రాలేదు. ఒక పిట్ట కోసం ముప్పావుగంట నోరు మూసుకుని నిలబడటం నా వల్ల కాదన్నాను. నువ్వు కూడా విసిగి పిలవడం మానేశావు. ఈ వసంతంలో దీవికి వెళ్తూ మాత్రం, పంపుహౌసు పక్క పొదలో ఉన్న పికిలిపిట్టల గూటినీ, తొమ్మిదేళ్ళుగా నువ్వు రాస్తున్న నోటుపుస్తకాన్నీ నా చేతిలో పెట్టావు. ఎన్ని గుడ్లు పెట్టాయి, ఏ రోజు పిల్లలయ్యాయి, ఏ రోజు ఎగిరాయి. "మీరేమీ చేయక్కర్లేదు, పదడుగుల దూరం నుంచి చూసి రాయండి చాలు" అన్నావు. ఏమీ చేయకుండా ఉండటం ఎంత కష్టమో మాత్రం చెప్పలేదు.

నేను పంపిన గూటి ఫోటో చూసి నువ్వు రాసిన ఉత్తరం మొన్న శనివారం వచ్చింది, చొక్కా జేబులోనే ఉంది. మడతల దగ్గర చిరిగేలా ఉంది, అన్నిసార్లు తీశాను. "మీరు నాకు చాలా ఫోటోలు ఇచ్చారు. కానీ ఇది నా కోసం ఓపిక పట్టి తీసింది. మంచం పక్క గోడకి అంటించుకున్నాను" అని రాశావు. మీ క్యాంపు పెద్దాయన దాన్ని చూసి, బడిపిల్లలకి పంచే పుస్తకంలో 'గూటి జోలికి పోకుండా ఫోటో తీయడం ఎలా' అనే పేజీలో వేస్తానన్నాడనీ, కింద నా పేరు ఉంటుందనీ, ఈ గురువారం పడవలోనే ప్రెస్సుకి వెళ్తుందనీ రాశావు. ఇంకో స్త్రీ అయితే నగ కొనిపెట్టినా ఇంత సంబరపడదు. ఆ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు.

నువ్వు గట్టు మీద నిలబడి ఉంటే నేనిక్కడ మోకాళ్ళూ కుళాయిలూ రాస్తున్నాను. నీ ప్రశ్నల్లో రెండు మిగిలాయి. ఎన్ని అడుగుల దూరం నుంచి తీశారు? మూడు పిల్లలూ ఏ రోజు ఎగిరాయి?

పది అడుగుల దూరం నుంచి కాదు. చెయ్యి చాపితే గూడు అందే దూరం నుంచి తీశాను.

అంతకు ముందు రోజు, ఆదివారం నడకలో అందరితోపాటు దూరం నుంచే తీశాను, అది నిజం. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ కుదిరాయి. మూడు నోళ్ళూ ఎర్రగా తెరుచుకుని ఉన్నాయి. తల్లి ముక్కున పురుగు ఉంది. మధ్య పిల్ల మీద మాత్రం ఆకు నీడ పడింది. నా సంగతి నీకు తెలుసు. పెళ్ళికూతురి ముంగురులు కంటి మీద పడితే సర్దకుండా బటన్ నొక్కను. గ్రూపు ఫోటోలో చివరాఖరి పెద్దాయన కాలరు మడతపడితే, నలభై మందిని అలాగే నిలబెట్టి వెళ్ళి సరిచేసి వస్తాను. పాతికేళ్ళుగా ఈ చేతులకి వచ్చిన పని అదొక్కటే, ఎదుటివాళ్ళని వెలుతురులోకి జరపడం. సోమవారం పొద్దున్నే ఒక్కణ్ణే వెళ్ళాను. జేబులో స్టూడియోలో ఫోటోలు కత్తిరించే కత్తెర పెట్టుకున్నాను.

ఒక్క రెమ్మే అనుకున్నాను. అది తీస్తే వెనక ఇంకోటి అడ్డం వచ్చింది. అదీ తీస్తే ఇంకోటి. మూడు రెమ్మలు కోశాను. ఎండ నేరుగా గూట్లోకి పడింది. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను. ఆ అనుకోవడమే ఇప్పుడు తలుచుకుంటే చచ్చేంత సిగ్గుగా ఉంది.

ఇంకా ఉంది. కోసిన చోట తెల్లటి మొనలు ఫోటో మూలన కనబడ్డాయి. కస్టమరు ముఖం మీద మొటిమలు తీసేసినట్టు కంప్యూటరులో వాటిని తీసేశాను. తెలియక చేశానని నీతో అనాలని ఎంతో ఉంది. తెలియకపోతే మొనలు ఎందుకు తీసేస్తాను?

మంగళవారం సాయంత్రం ఆ ఫోటో లోపల పెట్టి నీకు ఉత్తరం రాశాను, పిల్లలు మూడూ బాగున్నాయని. బుధవారం పొద్దున పోస్టాఫీసుకి వెళ్తూ, ఒకసారి చూసి పోదామని వాగు వైపు తిరిగాను. గూడు ఒక పక్కకి ఒరిగి ఉంది. లోపల ఏమీ లేదు. ఎదురుగా కరెంటు తీగ మీద కాకి కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది. తల్లిపిట్ట పురుగు పట్టుకొచ్చింది. గూటి అంచు మీద వాలి లోపలికి తొంగిచూసింది. ఎగిరిపోయింది. మళ్ళీ వచ్చి చూసింది. పురుగుని మాత్రం వదల్లేదు. ఎవరికి పెట్టాలో దానికి తెలియడం లేదు. నేను గబగబా వెనక్కి నడిచాను. పదడుగుల దూరం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నీ కవరు చేతిలోనే ఉంది, ఇంకా అంటించలేదు. అక్కడే రాయి మీద కూర్చుని ఒక్క వాక్యం కొట్టేస్తే పోయేది. పోస్టాఫీసుకి వెళ్ళి, జిగురు రాసి, అంటించి, పెట్టెలో వేశాను. రాసినప్పుడు అది అబద్ధం కాదు. పోస్టు చేసినప్పుడు అబద్ధమైంది.

తర్వాతి ఆదివారం నడకలో అందరూ ఖాళీ గూడు చూశారు. కాకి పని అన్నాడు గుమస్తా. మొట్టమొదటిసారి కాకిని కాకి అన్నాడు, నేను తేలు కుట్టిన దొంగలా తలూపాను. నీ ఉత్తరం వచ్చాక ఇక ఆగలేకపోయాను. మొన్న ఆదివారం పంపుహౌసు దగ్గర అందర్నీ ఆపి, కొమ్మలు కోసింది నేనేనని చెప్పేశాను. ఎవరూ ఏమీ అనలేదు. గుమస్తా నా భుజం తట్టాడు. నర్సమ్మ మాత్రం మిగతావాళ్ళని ముందుకి పంపించి నా దగ్గర ఆగింది.

"ఆ కోతలు నేను ఎప్పుడో చూశాను బాబూ. ఏటవాలుగా, నున్నగా ఉన్నాయి. కత్తెర పనేనని తెలుసు. ఎవరి కత్తెరో కూడా తెలుసు."

"మరి అప్పుడే అడగలేదేమమ్మా?"

"నువ్వే చెప్తావని చూశాను. సరే, ఆవిడకి రాశావా?"

"ఇంకా లేదమ్మా."

"మరి మాకు చెప్పి ఏం లాభం? మేం నిన్ను ఏమీ అనం. అందుకేగా ముందు మా దగ్గరికొచ్చావు."

ఆవిడ బైనాక్యులర్ మెడలో వేసుకుని ముందుకి వెళ్ళిపోయింది. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. జీవితంలో ఎక్కడా అంతసేపు కదలకుండా నిలబడలేదు.

నోటుపుస్తకంలో 'ఎగిరిన రోజు' అన్న గడి ఖాళీగా ఉంచాను. పక్కన రాశాను: "ఎగరలేదు. ఫోటో కోసం రెమ్మలు కోయడం వల్ల గూడు బయటపడింది. కోసింది నేను." తొమ్మిదేళ్ళ నీ రాత కింద నా రాత ఒక్క వరుస. దాన్ని చింపి మళ్ళీ రాద్దామనిపించింది, అక్షరాలు బాగా రాలేదని. చింపలేదు.

ఈ కవరులో రెండు ఫోటోలు పెట్టాను. ఒకటి నీ గోడ మీద ఉన్నదే, కాకపోతే తెల్ల మొనలు ఉన్నాయి. రెండోది ఆ బుధవారం నాటి ఖాళీ గూడు. అంత చూసి కూడా కెమెరా ఎందుకెత్తారని అడుగుతావు. చెయ్యి దానంతటదే ఎత్తింది. ప్రెస్సుకి పోయే కవరులోంచి నా ఫోటో తీసెయ్. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పంపు. ఆ పేజీ పేరు ఎలా మార్చాలో నీకూ పెద్దాయనకీ తెలుస్తుంది. కింద నా పేరు మాత్రం ఉంచమను. అలా వద్దంటే ఏదీ వేయొద్దను. పిల్లలకి నీ చేతి మీదుగా అబద్ధం అందకూడదు.

నాకు భయంగా ఉంది. పెద్దాయన ఏమంటాడోనని కాదు. నీకు కోపమొస్తే మాట్లాడవు. ఇక్కడైతే నీ వెనకే తిరిగి, చేయని తప్పులు కూడా ఒప్పుకుని, ఎలాగో మాట్లాడించేవాణ్ణి. ఇన్ని నీళ్ళ అవతల ఉన్నదాని వెనక ఎలా తిరగను? పద్దెనిమిదేళ్ళకి మొదటిసారి నువ్వు నన్ను చూసి ఆనందపడ్డావు. ఆ ఆనందం నేను చేయని పనికి. దాన్ని నా చేత్తో నేనే తీసేసుకుంటున్నాను. తిట్టాలనుకుంటే కాగితం రెండు పక్కలా రాసి తిట్టు. నీ ఉత్తరం లేని ఉత్తి పడవ మాత్రం పంపకు.

ఇక చదివింది చాలు. పడవవాడు తాడు విప్పేలోపు వెళ్ళి ఆ కవరు మార్చు. నా మీద తర్వాత కోప్పడొచ్చు, నేను ఎక్కడికీ పోను.

ఇట్లు,
ఏమన్నా పడే
మీ ఇంటాయన