అత్త నడక

సౌభాగ్యవతి మంజుశ్రీకి,

చింతామణి నుంచి నీ బావ గిరీశ్ దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను. పరగోడులో మీ నాన్నకు మోకాళ్ల నొప్పి తప్ప వేరే ఇబ్బంది లేదు. ఇక్కడ చలి మొదలైంది. యాదగిరిలో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

బడిలో నీతో పనిచేసే టీచరమ్మ తెచ్చిచ్చిన డబ్బాలో జొన్నరొట్టెలు, వాటి కింద పెట్టిన నీ ఉత్తరం రెండూ అందాయి. రొట్టెలు అప్పడాల్లా విరిగాయి, అయినా వదల్లేదు. నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. అవును, రోజూ వండుకుంటున్నాను. సంగటి మాత్రం ఇంకా చేతకాలేదు. ఒక్కడి కోసం కెలికితే అది ముద్ద కాదు, జావ అవుతోంది. నీకు ఈ జిల్లాకు బదిలీ ఇచ్చే వర్గావణె లిస్టు ఇంకా రాలేదు. మన జిరాక్స్ అంగడి ఎప్పటిలాగే నడుస్తోంది. సాయంత్రం షట్టర్ దించి ఇంటికి రావడమే బాగుండదు. మనిద్దరమే ఉండే ఇల్లు కదా, ఒకరు లేకపోతే సగం ఖాళీ కావాలి. మొత్తం ఖాళీగా ఉంటోంది.

ఇక మన పెళ్లి డీవీడీ సంగతి. ఆషాఢంలో అత్త పోయినప్పటి నుంచి నువ్వు అడుగుతున్నది అదొక్కటే. మీ అమ్మ కదులుతూ కనిపించేది ఆ ఒక్క డిస్కులోనే. అంచున మసకబారుతోంది, పూర్తిగా చెడిపోయేలోగా కాపీ తీయమన్నావు. నేను మొదట పంపిన కాపీలో అమ్మ ఎందుకు కుదుపుతో నడుస్తోంది, మొహం ఎందుకు అలుక్కుపోయింది అని రాశావు. రెండూ నా తొందర వల్లే. మన పక్క డీవీడీల్లో సెకనుకు ఇరవైయైదు బొమ్మలుంటాయి. నేను చూసుకోకుండా ముప్పై పెట్టాను. తక్కువ పడినవాటి బదులు కంప్యూటర్ ఉన్నవాటినే రెండోసారి చూపించింది. ఆ కుదుపు అందుకే. నీ ఫోన్లో పట్టాలని ఫైలును బాగా కుదించాను, దాంతో మొహం నీళ్లు పడిన ముగ్గయింది.

ఈసారి చిక్కబళ్లాపురం పోయి మంచి డీవీడీ డ్రైవు కొన్నాను. ఇరవైయైదుకు ఇరవైయైదే ఉంచాను, సైజు తగ్గించలేదు. చేతులు ఊపినచోట దువ్వెన పళ్లలాంటి గీతలు వచ్చేవి, అవీ పోయాయి. అత్త ముక్కుపుడక రాయి కూడా కనిపిస్తోంది. మొహాలను నున్నగా చేసే ఉపాయం ఒకటుందంటే అదీ చేసి చూశాను. చెంపల మీది అమ్మవారి మచ్చలు పోయి, అత్త ఎవరో సీరియల్ ఆమెలా తయారైంది. వెంటనే తీసేశాను.

నువ్వు మళ్లీ మళ్లీ చూసేది అప్పగింతల చోటు అని నాకు తెలుసు. అమ్మ మెల్లగా నడిచొచ్చి, నిన్నే చాలాసేపు చూసి, ఏదో దీవించి పక్కకు వెళుతుంది. నాకు అక్కడే తేడా కొట్టింది. పుట్టినప్పటి నుంచి మా మేనత్తను చూసినవాణ్ణి నేను. ఆమె ఏనాడు మెల్లగా నడిచింది? నెత్తిన గడ్డిమోపు ఉన్నా సరే, మా నాన్న చెల్లెలి వెనక పరిగెత్తాల్సిందే. ఒక్కో బొమ్మా ఆపి చూస్తే అక్కడ ప్రతి బొమ్మా రెండుసార్లుంది.

బాగేపల్లి పోయి, మన పెళ్లి వీడియో తీసిన ఆంజనప్పను అడిగాను.

“అప్పగింతలకు స్లో మోషన్ పెట్టకుంటే ఆడోళ్లకు ఏడుపు యాడొస్తాదప్పా? ఏడవకుంటే వీడియో బాగలేదంటారు. ఈ పక్క పెండ్లిండ్లన్నిటికీ అట్లే చేసినా,” అన్నాడు.

“అసలు క్యాసెట్ ఉండాదా?” అన్నాను.

“అదింకా యాడుంటాది? దాని మీదనే ఇంకో పెండ్లి తీసుంటాను.”

ఇంటికొచ్చి, రెట్టింపుగా ఉన్న బొమ్మల్లో ఒక్కోటి తీసేశాను. అత్త తన నడకతో వచ్చింది. మంజూ, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దారికి అడ్డమెందుకు కూర్చున్నావని గదమాయిస్తుందనిపించింది.

కానీ అలా చేసేసరికి ఆ చోటు సగమైపోయింది. చాలాసేపు చూసిందనుకున్నది నిజానికి ఒక్క చూపు. ఆంజనప్ప పైన వేసిన పాట కింద మాట వినబడదు గానీ, పెదవుల కదలిక దీవెనలా లేదు. సారె బుట్టలు బస్సెక్కించారా అని ఎవరినో కసురుకున్నట్టుంది. అమ్మ అమ్మలాగే కావాలంటే కొంచెంసేపే ఉంటుంది. చాలాసేపు ఉండాలంటే ఆ నడక ఆమెది కాదు. ఏది ఉంచాలో నాకు తేల్చుకోవడం చేతకాలేదు. రెండూ ఈ కవర్లోని పెన్ డ్రైవులో పెట్టాను. నీ ఇష్టం.

ఇంకొక మాట ఉంది. ఫోన్లో చెప్పలేకపోయాను. ఈ పని దీపావళి నాటికే అయిపోయింది. ఇన్నాళ్లూ నీకు అబద్ధం చెప్పాను. డిస్కు చదవడం లేదన్నాను, డ్రైవు మొండికేసిందన్నాను, కరెంటు లేదన్నాను. పాపం, చింతామణి కరెంటు మీద లేనిపోని నిందలన్నీ వేశాను. నువ్వు రోజూ సాయంత్రం ఫోన్ చేసి “యాడికొచ్చింది బావా?” అంటావు. అత్త పోయాక నువ్వు నాతో వేరే మాటే మాట్లాడటం లేదు. నేనూ ఏం మాట్లాడాలో తెలియని మొద్దునే. ఏదో ఒక సాకు చెబుతాను. “సరే, రేపు చేస్తా” అని పెట్టేస్తావు. ఆ “రేపు చేస్తా” కోసమే అయిన పనిని కాలేదంటూ వచ్చాను.

అమ్మను చూడాలని నీకెంత ఆత్రమో తెలిసీ ఆపాను. దానికి నువ్వెంత కోప్పడినా పడతాను. కానీ ఈ కవరు అందాక నన్ను అడగడానికి నీకు ఏమీ మిగలదు. అది తలచుకుంటేనే భయంగా ఉంది మంజూ. అడిగేది ఏమీ లేకపోయినా ఫోన్ చేయి.

ఇట్లు,
నీ బావ
గిరీశ్