షైనీ లైసెన్సుకు సంఘ బదిలీ పత్రం

ఉదయగిరి,
4వ తేదీ.

క్రీస్తునందు ప్రియమైన షైనీ,

ఒక్క ప్రశ్న. దాటెయ్యకుండా జవాబు చెప్పు: ఊరు మారిన విశ్వాసి చేతిలో ఏముండాలి? ట్రంకుపెట్టా? పచ్చడి సీసానా? కాదు! పాత సంఘం రాసిచ్చిన బదిలీ పత్రం. ‘ఈ సహోదరి మా దగ్గర మంచి సాక్ష్యం గలది, చేర్చుకోండి’ అని అక్కడికి రాసి, ఇక్కడి జాబితాలో పేరు కొట్టేస్తాం. తాతల నాటి నుంచి మన బాప్టిస్టుల పద్ధతి ఇదే. రెండు సంఘాల్లో పేరున్నవాడు ఏ సంఘానికీ చెందడు.

నిన్న ఫోనులో నువ్వు ఏడ్చావని మీ పెద్దమ్మ సుకుమారి చెప్పింది. న్యూజిలాండులో ఇంటింటికీ కారులో తిరిగి ముసలివాళ్ళకు కట్లు కట్టే నర్సువి. మన కారు లైసెన్సు మార్చుకుని వాళ్ళ లైసెన్సు తీసుకోకపోతే ఆ ఉద్యోగం ఉండదట. అందుకు ఆత్మకూరు రవాణా ఆఫీసు నుంచి ఉత్తరం కావాలట. ఇంతదానికి ఏడుపెందుకు? పెదనాయన చచ్చాడా? రేపో ఎల్లుండో వెళ్తాను.

నీ పెదనాయన,
వరప్రసాదం, స్వచ్ఛంద బోధకుడు.

తా.క. నేను వాయిస్ మెసేజీలు పెట్టను. పౌలు చెరసాలలో ఉండి కూడా ఉత్తరాలే రాశాడు. దీన్ని మీ పెద్దమ్మ ఫోటో తీసి పంపుతుంది. మూలన కనిపించే బొటనవేలు ఆమెదే.


న్యూజిలాండు,
5వ తేదీ.

పెదనాయనకు వందనాలు.

మీరే వెళ్తాననేసరికి సంతోషం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి.

నాకు కావలసింది ఒకే ఒక్క కాగితం. నా లైసెన్సు నంబరు, ఏ ఏడాది ఇచ్చారు, ఏ బండ్లకు ఇచ్చారు, ఇప్పటికీ చెల్లుతుందా. కింద సంతకం, ముద్ర. అది చూపిస్తే 24న నేరుగా పెద్ద పరీక్షకు రానిస్తారు. లేకపోతే కొత్తగా నేర్చుకునేవాళ్ళ వరసలో మొదటినుంచి నిలబడాలి. అప్పుడు ఒంటరిగా కారు నడపనివ్వరు. పక్కన లైసెన్సున్న మనిషిని కూర్చోబెట్టుకుని రోజూ పద్నాలుగు ఇళ్ళు ఎలా తిరగను? ఉద్యోగం పోయినట్టే.

మీ షైనీ.

తా.క. ఆఫీసులో ప్రసంగం చెయ్యొద్దు. పోయినసారి బ్యాంకులో మీరు నోవహు ఓడ గురించి మొదలుపెడితే, ఓడ ఒడ్డుకు చేరేలోపల కౌంటరు మూసేశారట.


ఉదయగిరి,
13వ తేదీ.

షైనీ! హల్లెలూయా అను. కూర్చుని ఉంటే లేచి నిలబడి అను.

యెరికో గోడ కూలింది! పొద్దున్నే బండి మీద ఆత్మకూరు చేరాను. అక్కడ ఇన్‌స్పెక్టరు మధులత అనే ఆడకూతురు.

“ఏం కావాల పెద్దాయనా?” అంది.

“మా బిడ్డ లైసెన్సు న్యూజిలాండుకు బదిలీ చెయ్యాల. మీ పుస్తకంలో పేరు కొట్టేసి, కొట్టేసినామని రాసియ్యండి.”

“కొట్టేసేదేంది? లైసెన్సు కొట్టెయ్యమని ఎవురన్నా అడగతారా?”

“ఒక దాసికి ఇద్దరు యజమానులుంటే కుదరదమ్మా. మేం బాప్టిస్టులం. ఒక మనిషి, ఒక పుస్తకం!”

ఆమె నన్ను చూసింది. నా వెనక పెరుగుతున్న వరసను చూసింది. “సరే, రాసియ్యండి” అంది. అక్కడే నిలబడి రెండు పేజీలు రాశాను. ముద్ర కొట్టి తీసుకుంది. ఇక నీ పేరు అక్కడ ఉండదు, భయపడకు!

అంతటితో ఆగలేదు. మన సంఘం బదిలీ పత్రాన్ని శీనయ్య జిరాక్సు కొట్టులో ఇంగ్లీషు చేయించి, మీ లైసెన్సు ఆఫీసుకు మెయిలు పెట్టించాను. ‘షైనీ క్రమంగా కానుక ఇచ్చేది. ఎవరినీ దూషించలేదు. సండేస్కూలు పిల్లలను వ్యానులో సోమశిల తీసుకెళ్ళి, అందరినీ తిరిగి తెచ్చింది.’ కింద అరవై రెండు సంతకాలు.

విజయం మనదే,
వరప్రసాదం.

తా.క. తీర్పు దినాన గొర్రెలు కుడి పక్క, మేకలు ఎడమ పక్క. మరి రోడ్డు మీద అందరినీ ఎడమ పక్కే పొమ్మంటారేమని ఆ మేడంను అడిగాను. ఆమె నా వెనక మనిషిని పిలిచింది.


న్యూజిలాండు,
15వ తేదీ.

పెదనాయనా,

కొంప ముంచారు!

సంఘం వేరు, లైసెన్సు వేరు. అక్కడ పేరు కొట్టేస్తే నేను ‘చెల్లే లైసెన్సు లేని మనిషి’నవుతాను. పరీక్ష సంగతి తర్వాత, రేపు పొద్దున పనికే కారు తియ్యలేను. తొమ్మిది రోజులే ఉన్నాయి. కాలి పుండుతో ఒక అవ్వ కిటికీ దగ్గర కూర్చుని నా కారు కోసం చూస్తూ ఉంటుంది. ఆమెకు నేనేం చెప్పాలి, బదిలీ అయ్యానని చెప్పాలా?

ఈ రోజే వెళ్ళి ఆ రెండు పేజీలు వెనక్కి తీసుకోండి. నా సంతకంతో అర్జీ దీంతోపాటు పంపుతున్నాను. అది ఇవ్వండి, చాలు. తగ్గించుకుని అడగండి.

షైనీ.

తా.క. మీ సంఘ పత్రం ఇక్కడికి చేరింది. ‘అందరినీ తిరిగి తెచ్చింది’ అని ప్రత్యేకంగా రాశారేమిటి, మామూలుగా తీసుకురారా అని నన్ను అడిగారు.


ఉదయగిరి,
16వ తేదీ.

బిడ్డా షైనీ,

నీ ఉత్తరం చదివాక తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఇలా జరగడం ఇదే మొదటిసారని మీ పెద్దమ్మ అంటోంది.

యోనా కూడా పొమ్మన్న ఊరికి కాక వేరే ఊరికే ఓడ ఎక్కాడు. నేనూ అంతే. ఆత్మకూరు వెళ్ళి వరసలో అందరికంటే వెనక నిలబడ్డాను.

“మళ్ళా వచ్చినారా?” అంది మధులత మేడం.

“తప్పు చేసినానమ్మా. నా తెలివితక్కువతనంతో బిడ్డ పొట్ట కొట్టినాను. ఆ కాగితం నాకిచ్చెయ్‌.”

ఆమె సొరుగు లాగింది. “లైసెన్సున్న మనిషి సంతకం లేకుండా ఎట్ట కొట్టేస్తాం పెద్దాయనా? మీ కాగితం అట్నే ఉండాది. రెండో పేజీ మాత్రం ఆఫీసులో అందరం చదివినాం.”

షైనీ, నాకు కన్నీళ్ళు వచ్చాయి. నీ అర్జీ ఇచ్చాను. గంటలో ఉత్తరం తయారు! ఎనిమిదేళ్ళ నాటి లైసెన్సు, నేటికీ చెల్లుతుంది, సంతకం, ముద్ర. వాళ్ళ ఆఫీసు మెయిలు నుంచే నేరుగా మీ ఆఫీసుకు పంపింది.

వరప్రసాదం.

తా.క. నేను బస్సులో తిరిగొచ్చాను. బండి ఆత్మకూరులోనే ఉంది. ఎందుకని అడగొద్దు.


న్యూజిలాండు,
24వ తేదీ.

పెదనాయనా, పెద్దమ్మా,

హల్లెలూయా! నిలబడే రాస్తున్నాను. పాసయ్యాను!

ఆత్మకూరు ఉత్తరం చూసి మారుమాట లేకుండా పరీక్షకు రానిచ్చారు. మలుపులో గొర్రెల మంద అడ్డమొస్తే, ఇంజను ఆపి హారను కొట్టకుండా ఓపిగ్గా కూర్చున్నాను. ఆ ఓపికకే సగం మార్కులు పడ్డాయనుకుంటా. పద్నాలుగు ఇళ్ళూ నావే. నా అవ్వ కిటికీలోంచి చప్పట్లు కొట్టింది.

మీ షైనీ.

తా.క. బండి ఏమైంది? పెద్దమ్మనడిగితే నవ్వుతోందే గానీ చెప్పట్లేదు.


ఉదయగిరి,
28వ తేదీ.

జయించిన షైనీకి,

ఇప్పుడు నా సాక్ష్యం విను.

ఆ రోజు మధులత మేడం నన్ను సాగనంపడానికి వాకిలిదాకా వచ్చింది. నా బండి చూసి, “మీ లైసెన్సు చూపించండి” అంది.

నాకు లైసెన్సు లేదు షైనీ! ముప్పై ఒక్క ఏళ్ళు వింజమూరనీ సీతారామపురమనీ తిరిగి సువార్త చెప్పాను, లైసెన్సు లేకుండా. ఏ పుస్తకంలోనూ పేరు లేనివాణ్ణి, నీ పేరు కొట్టెయ్యమని రెండు పేజీలు రాశాను! “బిడ్డ కాగితం ఆపను. బండి మాత్రం ఈడనుంచి కదల్దు” అంది.

బండిని మీ పెద్దమ్మ వెళ్ళి తెచ్చింది. ఆమెకు లైసెన్సు ఉందట! ఇన్నేళ్ళూ నా వెనక సీట్లో కూర్చుంది, ఒక్కరోజు చెప్పలేదు. ఇప్పుడు ఆమె ముందు, నేను వెనక.

పది రోజులు రోడ్డు గుర్తులు చదివి నిన్న నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్లెల్లార్ పరీక్ష రాశాను. ఇరవైకి పంతొమ్మిది! పోయిన ఒక్కటీ వాళ్ళ తప్పే. వెనక అంబులెన్సు వస్తే ఏం చెయ్యాలని అడిగి, ‘ప్రార్థన’ అనే జవాబే పెట్టలేదు.

పోయిన ఆదివారం సంఘంలో అడిగాను: “బండ్లు తోలేవాళ్ళలో లైసెన్సు ఉన్నోళ్ళు చెయ్యెత్తండి!” ఏడు చేతులు లేచాయి. నిన్న పదకొండు మంది నాతోపాటే బస్సెక్కి వచ్చి పరీక్ష రాశారు. పదకొండు మందీ పాస్!

నీ పెదనాయన,
వరప్రసాదం, ఎల్లెల్లార్.

తా.క. చెయ్యెత్తనివాళ్ళలో ఒకడు తల వంచి బెంచీ కింద చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఎవరో తెలుసా? నీకు కారు నేర్పినవాడు. మీ నాయన, నా తమ్ముడు, హెన్రీ! నిన్న బస్సూ ఎక్కలేదు. ఇది రాస్తుండగానే కిటికీలోంచి చూస్తున్నాను, ఆత్మకూరు పెళ్ళికని కారు తుడుచుకుంటున్నాడు. నేను చెబితే వినడు, నువ్వు చెబితే వింటాడు. రేపనకు, సాయంత్రమనకు. ఈ ఉత్తరం కింద పెట్టు, ఫోను ఎత్తు. “నాయనా, తాళాలు పెదనాయన చేతికిచ్చి, ఈ రోజే, ఇప్పుడే, బస్సెక్కి ఆత్మకూరు పో” అని చెప్పు!